రావులపాలెం దగ్గర ఎత్తిన బానెట్

అమలాపురం నుంచి ఫోను వచ్చేసరికి ఉదయం ఆరు దాటింది. మా ఆవిడ సుభద్రకి ఒక్కగానొక్క అక్క. ఆవిడ పరిస్థితి బాగాలేదని, మాట మాత్రం ఇంకా ఉందని, చెల్లెలి కోసమే అడుగుతోందని చెప్పారు. సుభద్ర మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్లు ఎక్కలేదు. అందుకని కారు తీశాను. రాజమండ్రి నుంచి వేమగిరి, జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట మీదుగా వెళ్ళాలి. మంచి బండిలో రెండు గంటల లోపు ప్రయాణం, రెండు వందల యాభై రూపాయల పెట్రోలు చాలు. నాది మంచి బండి కాదు.

దాన్ని నాకు అంటగట్టింది మా బావమరిది సూర్యం. కొన్న రెండో వారానికే ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. రాజమండ్రిలో ముగ్గురు మెకానిక్కులకి చూపించాను. ఒకడు కార్బురేటర్ అన్నాడు. ఇంకొకడు పెట్రోల్లో కిరసనాయిలు కలిసిందన్నాడు. మూడోవాడు మూత కూడా విప్పకుండా ఇంజను మొత్తం దింపాలన్నాడు. ముగ్గురూ కూలి మాత్రం తీసుకున్నారు.

ఏడింటికి బయల్దేరాం. కడియపులంక నర్సరీలు దాటేదాకా బండి బాగానే నడిచింది. జొన్నాడ వంతెన ఎక్కుతుండగా కుదుపు మొదలైంది. వంతెన దిగి రావులపాలెం అరటి మార్కెట్టు పక్కకి చేరేసరికి ఎక్సిలేటరు ఎంత తొక్కినా నడక వేగమే. గెలలు దింపి ఖాళీగా వెళుతున్న వ్యాను ఒకటి మా పక్కన ఆగింది.

"ఆగిపోయిందాండి?" అన్నాడు డ్రైవరు.

"ఆగలేదు, చస్తోంది."

"వెళ్ళేది ఎక్కడికి, ఆ మాటలేంటండీ!" అని సుభద్ర కసిరింది.

సంగతి విని డ్రైవరు తలుపు తీశాడు. "నేనూ అమలాపురమేనండి. అమ్మగారిని ముందు కూర్చోబెట్టండి, గంటలో దింపేత్తాను."

వెళ్ళమన్నాను. రెండుసార్లు అన్నాను.

"ఈయన్ని రోడ్డు మీద వదిలేసి ఎలా రాను బాబూ?" అంది సుభద్ర.

"ఆయనేమన్నా చిన్నపిల్లాడాండి?"

"చిన్నపిల్లాడైతే బాగుండును, చెప్పిన మాట వినేవాడు."

డ్రైవరు నవ్వి వెళ్ళిపోయాడు. అప్పటికి ఎనిమిది కావస్తోంది.

ముగ్గురు మెకానిక్కులూ చెయ్యని పని నేను చెయ్యాల్సి వచ్చింది. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే లాగి చూడాలి. లాగినప్పుడు ఇంజను ఇంకా నీరసిస్తే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. ఏ తేడా లేకపోతే అది అప్పటికే పడుకున్నట్టు. సుభద్రని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను.

"ఎంత తొక్కమంటారు?"

"కుట్టు మిషను తొక్కినట్టు. ఒకే తీరుగా."

"అది నాకు నేర్పక్కర్లేదు. మీ పని మీరు చూసుకోండి."

పొడిగుడ్డ చేతికి చుట్టుకుని లాగాను. మొదటి రెండు తీగలకీ ఇంజను పడిపోబోయింది. మూడు, నాలుగు తీసినా దానికి పట్టలేదు. ఆ రెండు తీగలూ, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలో పక్కపక్కనే ఉంటాయి. ఇంజను ఆపి మూత విప్పాను. లోపల ఎండి అంటుకుపోయిన జిగురు, అందులో మాడిపోయిన చీమలు. ఆ రెండు తీగల మధ్య వెంట్రుకంత నల్లటి గీత. ప్లగ్గులకి వెళ్ళవలసిన కరెంటు ఆ గీత వెంట పక్కదారి పడుతోంది.

"చీమలా?" అంది సుభద్ర వంగి చూసి.

"మీ తమ్ముడి పూజ."

బండి అప్పగించిన రోజు సూర్యం బానెట్ ఎత్తి, తన తోటలోని కొబ్బరికాయ తెచ్చి నేరుగా ఇంజను మీదే కొట్టాడు. కొబ్బరినీళ్ళన్నీ దాని మీదే పోశాడు. "ప్రాణం ఇక్కడుంటే అందరూ టైరు ముందు కొడతారేంటండీ బావగారూ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ నీళ్ళే మూతలోకి దిగి, తీపికి చీమల్ని పిలిచాయి.

చాకుతో గీత గీకి, జిగురు తుడిచి, ఆరబెట్టి బిగించేసరికి తొమ్మిదిన్నర అయింది. అక్కడి నుంచి బండి ఒక్కసారి కూడా దగ్గలేదు.

అమలాపురంలో వాళ్ళక్క ఇల్లు చేరేసరికి పదిన్నర. గేటు దగ్గర సూర్యం ఎదురొచ్చాడు. "పది దాకా పెద్దక్క మాట్లాడిందక్కా. సుభద్ర వచ్చిందా, వచ్చిందా అని అడుగుతూనే ఉంది. ఇంతాలస్యమైందేంటండి బావగారూ?"

నేను నోరు తెరిచాను. సుభద్ర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బండి ఆగిందిరా," అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళింది. వాళ్ళక్క కళ్ళు తెరిచి చూసింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

ఏమడగబోయిందో అని సుభద్ర ఇప్పటికీ అప్పుడప్పుడూ అంటుంది. సూర్యం మంచి మనసుతోనే చేశాడంటారు మా వాళ్ళు. కావచ్చు. క్షమ గురించి నేను చాలానే చదివాను. అవి రాసినవాళ్ళెవరూ ఆ పెదవులు కదలడం చూడలేదు. ఆ రోజు గేటు దగ్గర అనలేని మాట ఇక్కడ రాశాను. సూర్యం చదువుతాడని తెలుసు. చదవాలనే రాశాను.

ఈ దారిన పాత బండిలో వెళ్ళేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మనిషిని చూడటానికి వెళుతూ బండి మొరాయిస్తే, బానెట్ ఎత్తకముందే, చూడవలసిన మనిషిని పక్కన ఏ వ్యాను ఆగితే అందులో ఎక్కించి పంపెయ్యండి. రానంటే వినకండి.