మాల్దీవుల్లో పెద్ద సిలిండరు

మనిషికి చాతీ పెద్దదిగా ఉండడం కూడా తప్పేనని నాకు మాల్దీవుల్లో తెలిసింది.

మా ఊరు పూసపాటిరేగ అవతల, సముద్రం ఒడ్డున. వల రాళ్లకో, మునిగిపోయిన పాత ఓడకో తగులుకుంటే మావాళ్లు గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి దిగి విడిపించుకొచ్చేవారు. నేనూ, మా అక్క మొగుడైన బావా ఆ పనిలోనే ముదిరాం. వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగడం మా తీరానికి వచ్చాక, జుట్టు నెరిసిన వయసులో అదీ నేర్చుకున్నాం. నిఘంటువు పక్కన పెట్టుకుని అది నేర్పే ఇంగ్లీషు పుస్తకం నేనే చదివి బావకు చెప్పాను. ఊపిరి ఎన్నడూ బిగబట్టకూడదన్నది అందులో మొదటి మాట. బిగబట్టడం మానేశాను గానీ, గుండెల నిండా పీల్చే అలవాటు పోలేదు. నా సిలిండరు ఇట్టే ఖాళీ అయ్యేది. బక్కపలచటి బావ మాత్రం వేడి టీ తాగినట్టు కొంచెం కొంచెంగా పీల్చేవాడు.

జంటగా దిగినవాళ్లు జంటగానే పైకి రావాలి. చిక్కంతా అక్కడే.

బావకు ఒకటే కోరిక. చాపలా పలచగా ఉండే టేకు చేపల్లో అతి పెద్దది, మంచం కంటే వెడల్పు రెక్కలుండేది, వలలో పడి ఇసుకమీద చచ్చిపడి ఉండగానే చూశాడు జన్మంతా. "బతికున్నది ఎలాగెగురుతాదో ఒక్కపాలి సూడాల్రా" అనేవాడు. మాల్దీవుల్లో హోటల్లో పనిచేసే బావ కూతురు మమ్మల్ని రమ్మంది. బయల్దేరేముందు అక్క ఆయనచేత ఒట్టు వేయించుకుంది. "ఇదే ఆకరు. తిరిగొచ్చాక మల్లీ నీల్లల్లో దిగినావంటే నీకు కూడు వండను."

అక్కడ ఒక బండ దగ్గరికి ఆ చేపలు వస్తాయి. చిన్న చేపలు వాటి ఒంటిమీది మురికి తినిపోతాయి. కింద కూర్చుని ఎదురుచూడాలి. మొదటి రెండు రోజులూ గాలి ఎంతుందో చూపే నా ముల్లు ముందుగా ఎర్రగీత మీదికి వచ్చింది, నాతోపాటు బావా పైకి వచ్చేశాడు. రెండోనాడు మేం పడవెక్కాక, కింద మిగిలినవాళ్లు చేపను చూసొచ్చారు. బావ తన సిలిండరు విప్పుతూ "నీకు మీ అక్క గేసు బండ కట్టాల్రా" అన్నాడు.

మర్నాడే ఆఖరు రోజు. పెద్ద సిలిండర్లు ఉంటాయని నేను చదివాను. దుకాణంలో అడిగితే అక్కడి అమ్మాయి ఎగాదిగా చూసి, అవి భారీ మనుషులకు, మీ వయసులో మోయలేరు అంది. ఒళ్లు మండింది. గాలి పీల్చేది ఊపిరితిత్తులా, పుట్టినరోజులా? రెండో దుకాణంలో అవి గైడ్లకు మాత్రమే అన్నారు. పక్క దీవికి పోయే పడవెక్కాను. అక్కడ కొట్టు వెనక, తడి బట్టలు ఆరేసిన తీగ కింద కనిపించింది, పసుపు రంగుది, లావుగా, దిట్టంగా. ఆ యజమాని చాతీ నాకంటే వెడల్పు. నేను నోరు తెరవకముందే నవ్వి, దాన్ని నావైపు దొర్లించాడు.

"ఏటిరా అది, పెల్లి వంటల గుండిగలాగున్నాది" అన్నాడు బావ.

"ఎక్కువ మాటాడకు బావా, దిగు."

నీలం. ఎంత దిగినా ఇంకా నీలం. బండ పక్కన ఇసుకలో మోకాళ్లమీద కూర్చున్నాం. నా ఊపిరి చప్పుడు మా ఊరి అల ఒడ్డుకొచ్చి వెనక్కి లాగినట్టే వినిపించింది. నేను అక్కడున్నానో, చిన్నప్పటి తెప్పమీద కునుకుతున్నానో తెలియలేదు. అప్పుడు ఆ నీలంలో ఒక మూల నల్లబడింది. నలుపుకు రెక్కలొచ్చాయి. దానికి తొందర లేదు. మబ్బునీడ చేను మీదుగా నడిచినట్టు వచ్చి, మా తలలమీద ఆగి తెల్లటి పొట్ట చూపించింది.

బావ వైపు చూశాను. టీ తాగినట్టు పీల్చే మనిషి, పరుగెత్తినవాడిలా బుడగలు వదులుతున్నాడు. ఆయన ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది. నాకు చూపించి, పైకి పోదామని బొటనవేలెత్తాడు. కళ్లు మాత్రం చేపమీదే. నా దానిలో ఇంకా బోలెడుంది. జంటవాడి కోసమని ఉండే నా రెండో గొట్టం తీసి ఆయన నోటికిచ్చాను. మాతో దిగిన గైడు కళ్లెర్రజేశాడు, చేసుకోనీ. ఒకే సిలిండరుకు ఇద్దరం, భుజం భుజం తాకుతూ. చేప ఇంకో చుట్టు తిరిగింది. దాని వెనకే మరొకటి వచ్చింది. అవి నీలంలో కలిసిపోయాకే చేతులు పట్టుకుని మెల్లగా పైకి తేలాం.

పడవెక్కి బావ ముఖం తుడుచుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"సిన్నప్పట్నించీ సేప ముక్క కూడా ఎవుల్కీ పెట్టనోడివి. గాలేటి అలాగ ఇచ్చేసినావురా?"

"పెద్దది దొరికింది కదా బావా," అన్నాను.