చుక్కల చీటీ

ఎంసీఏ పూర్తి చేసి ఖమ్మంలో ఖాళీగా తిరుగుతున్నప్పుడు నాకు దొరికిన మొదటి పని దుమ్ముగూడెం వైపు, అడవి అంచున ఉన్న ఒక చిన్న ధర్మాసుపత్రిలో. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. వాళ్ల డాస్ కంప్యూటర్ ఆఖరి రోజుల్లో ఉంది. ఎవరో దాతలు లైనక్స్ ఉన్న కొత్త కంప్యూటర్ ఇచ్చారు. పాతదానిలో సీ భాషలో రాసిన మందుల ప్రోగ్రాంను, దాన్ని మిషిన్ భాషలోకి తర్జుమా చేసే కొత్త కంపైలర్ ఒప్పుకునేలా మార్చి ఎక్కించాలి. వారంలో అయిపోతుందన్నాను. అప్పట్లో నాకు పొగరెక్కువ.

ఆ ప్రోగ్రాం రాసింది మందుల కౌంటర్‌లో కూర్చునే సార్. యాభై దాటిన మనిషి. ఒకే ఒక్క పుస్తకం ముందు పెట్టుకుని, మధ్యాహ్నం రోగులు లేని వేళల్లో నేర్చుకుని, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా రాశారు. దాని అసలు పని చీటీ అచ్చువేయడం. లోపలి గూడేల నుంచి వచ్చేవాళ్లకు తేదీలు చెప్పి లాభం లేదు. వాళ్ల లెక్కంతా వారం వారం జరిగే సంతతోనే. అందుకే ఎన్ని సంతలకు సరిపడా మాత్రలు ఇస్తే చీటీ అంచున అన్ని చుక్కలు పడేవి. సంత జరిగిన ప్రతిసారీ ఒక చుక్క చింపేయాలి. చివరి చుక్క చింపిన మర్నాడు ఆసుపత్రికి రావాలి. చదువు రాని వాళ్లు కూడా ఒక్క రోజు అటూ ఇటూ కాకుండా వచ్చేవారు.

కొత్త కంపైలర్‌కి ఆ ప్రోగ్రాం చూపించగానే తెర నిండా హెచ్చరికలు. ఒక తెర కాదు, పైకి జరుపుతుంటే వస్తూనే ఉన్నాయి. పాత కంపైలర్ చూసీ చూడనట్టు వదిలేసిన అలవాట్లన్నిటినీ ఇది పేరుపేరునా పట్టుకుంది. సార్ స్టూల్ మీద కూర్చుని చూస్తున్నారు.

"ఏంది బిడ్డా, గంతగనం తప్పులున్నయా నా ప్రోగ్రాంల?"

"మొత్తం తప్పుల తడకే సార్," అన్నాను, పక్కగదిలో డాక్టర్ గారికీ నర్సులకూ వినపడేలా.

ఆయన నవ్వారు. "తప్పని నాకెవరు చెప్పిండ్రు? మిషిన్ నడిచింది, నేను నడిపించిన."

మొదటి తెరలో హెచ్చరికలు కొన్ని సరిచేశాను. రెండో తెరకే విసుగొచ్చింది. హెచ్చరికలున్నా ప్రోగ్రాం తయారవుతుంది. హెచ్చరికలేవీ చూపించవద్దని కంపైలర్‌కి ఒక చిన్న ఆదేశం ఇవ్వవచ్చు. ఇచ్చాను. తెర శుభ్రంగా ఉంది. ఓ పది చీటీలు అచ్చువేసి చూశాను. అన్నీ పెద్దవాళ్లవే, అన్నీ సరిగ్గా వచ్చాయి. అనుకున్న వారం కంటే ఒకరోజు ముందే అయిపోయిందని అందరికీ చెప్పుకున్నాను కూడా.

నెల దాటాక, ప్రింటర్ చూడడానికి నేను అక్కడున్న రోజే, ఒకావిడ కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. ఏడెనిమిదేళ్ల పిల్ల. మూర్ఛ జబ్బుకు రోజూ సగం మాత్ర వేసుకునే పిల్ల. కుడిచేతికి ఆకుపసరు పూసి గుడ్డ చుట్టారు. మూర్ఛ వచ్చి పొయ్యిలో పడిందట.

"గోలీలు ఏస్తలేవా?" అని అడిగారు సార్.

"రెండు సంతలకే అయిపోయినయి సారూ. చుక్కలు ఇంకా ఉన్నయి. చుక్కలు అయిపోయినంకనే రమ్మని నువ్వే చెప్పినవు గదా." కొంగు ముడి విప్పి చీటీ ఇచ్చింది. దాని అంచున ఇంకా మూడు చుక్కలు ఉన్నాయి.

సార్ ఆ చుక్కలు లెక్కపెట్టి, "నా లెక్కనే తప్పింది" అన్నారు. "ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పింది గదా, మీ ప్రోగ్రాంలో తప్పులున్నాయని," అన్నారు డాక్టర్ గారు. ఆ అమ్మాయి నేనే.

లోపలికి వెళ్లి హెచ్చరికలు మళ్లీ రానిచ్చాను. అసలు తప్పు మూడో తెరలో ఉంది. సగం మాత్రల లెక్క కట్టే చోట సార్ లెక్కంతా సరిగ్గానే వేసి, జవాబు తిరిగి పంపే ఒక్క ముక్క మర్చిపోయారు. పాత కంపైలర్ దగ్గర ఆ జవాబు అదృష్టవశాత్తూ అక్కడే మిగిలి, అదే బయటికి వచ్చేది. కొత్తదాని దగ్గర ఏది మిగిలి ఉంటే అది వచ్చింది. రెండు బదులు ఐదు వచ్చింది. తప్పు సార్ కోడ్‌లో ఉందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆయన పాత కంపైలర్ ఆయనకు ఏనాడూ చెప్పలేదు. నా కంపైలర్ నాకు చెప్పింది, ఏ వరుసలో ఉందో అంకెతో సహా. నేనే దాని నోరు మూయించాను.

ఒక్క మాట చేర్చితే సరిపోయింది. "పాత తప్పు సరిచేశాను సార్," అన్నాను. ఆ "పాత" అనే మాట నేను కావాలనే అన్నాను.

సగం మాత్రల పిల్లలు ఇంకా ముగ్గురున్నారు. సార్ బస్సు ఉన్నంత దూరం బస్సులో, లేనిచోట నడిచి వాళ్ల గూడేలకు వెళ్లి చీటీలు మార్చి, మాత్రలు ఇచ్చి వచ్చారు. నేను వెళ్లలేదు. మణుగూరులో వేరే పని ఉందన్నాను. ఏ పనీ లేదు.

మరుసటి ఏడు వెళ్లినప్పుడు సార్ కంప్యూటర్ ముందు లేరు. నర్సు చీటీ అచ్చువేసి ఇస్తే, ఆయన పెన్ను మొనతో ఒక్కో చుక్కా తాకుతూ లెక్కపెట్టి, మాత్రలతో సరిచూసి, అప్పుడు ఇస్తున్నారు. వరుసలో ఆ పిల్ల ఉంది. కుడిచేతి వేళ్లు రెండు అతుక్కుపోయాయి. చీటీ కోసం ఎడమచేయి చాపింది.

సార్ నన్ను చూసి, "నువ్వొక్కసారి లెక్కపెట్టు బిడ్డా," అన్నారు. "నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది."

ఇప్పుడైనా చెప్పాలనుకున్నాను. చీటీ తీసుకున్నాను. రెండు చుక్కలు.

"సరిగ్గానే ఉన్నాయి సార్," అని పిల్ల ఎడమచేతిలో పెట్టాను.