మన మాటల్లో కోడు రాసిన దేవదానం సారు

దేవదానం సారు ఇక లేరని ఆదివారం పొద్దున ఆయన ఉండే చిట్కుల్ నుంచి ఫోనొచ్చింది. నేను నమ్మలేదు. శనివారం సాయంత్రం నాతో వాదులాడి, గెలిచి, టీ తాగి వెళ్లిన మనిషి! తెల్లారేసరికి గుండె ఆగిపోవడమేమిటి?

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో మా కంప్యూటరు గదికి ఆయన పెద్దదిక్కు. మహా సాఫ్ట్‌వేర్లు నిర్మించిన కీర్తి ఆయనకు లేదు. నిత్యచాకిరీని క్షణంలో ముగించే పది పదిహేను పంక్తుల స్క్రిప్టులే ఆయన సృష్టి. ఫైళ్ల పేర్లు మార్చడం, రెండు జాబితాలు సరిపోల్చడం, లారీ లోడుకు చీటీలు అచ్చువేయడం, ఇవే.

కొత్తగా చేరినప్పుడు నేను ల్యాబు రిపోర్టుల పేర్లు ఒక్కొక్కటే మారుస్తూ కూర్చునేదాన్ని. మెడ పట్టేసేది. చూసి చూసి ఆయనకు కోపమొచ్చింది. మిషిను చేసే పని నువ్వెందుకు చేస్తున్నవని కసిరి, పక్కకు కుర్చీ లాక్కుని స్క్రిప్టు చెప్పారు. చెప్పారంతే, రాసివ్వలేదు. ప్రతి అక్షరమూ నాచేతనే కొట్టించారు.

"అడుక్కున్న కోడ్ అరువు అంగి లెక్క చెల్లె, భుజాల కాడ్నే పట్టది" అన్నారు.

ఆ శిష్యవాత్సల్యమే నేటికీ నాకు అన్నం పెడుతోంది.

ఆయన స్క్రిప్టులు మన యాసలోనే మాట్లాడేవి. పని నడుస్తుంటే తెర మీద "జెర ఆగు, చూస్తున్న" అని, ముగిస్తే "అయిపాయె, ఇగ పో" అని వచ్చేది. ఇంగ్లీషులో పెట్టమని హెడ్డాఫీసు వాళ్లు ఎంత మొత్తుకున్నా ఈయన వింటేగా! ఒడిశా నుంచి వచ్చిన మా లోడింగు గుమాస్తా బికాష్, ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించే ఆ మాటలు చదివే తెలుగు నేర్చాడు. క్యాంటీనులో టీ పోసేవాడితోనూ జెర ఆగు, చూస్తున్న అనేవాడు. సారు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

సొంతూరు కొండాపూర్‌లో ఆయన ఖననం జరిగిన మర్నాడే చీటీల స్క్రిప్టు మొరాయించింది. చీటీ లేనిదే మందులు గేటు దాటవు. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. బికాష్ నన్ను లాక్కుపోయి తెర చూపించాడు. "ఆగిపోయింది. ఫికర్ చెయ్యకు, నన్ను పిలువు" అని ఉంది.

"ఎవర్ని పిలవాలె అక్కా?" అన్నాడు.

ఆయన కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పక, నిలబడే ఒక్కో పంక్తీ చదివాను. జాబితాలో కొత్తగా చేరిన ఒక మందు పేరులో చిన్న గీతుంది, స్క్రిప్టు దాని దగ్గర తడబడుతోంది. సరిచేశాను. లారీలు కదిలాయి.

నన్ను పిలువు అన్న పంక్తిలో ఇక నా పేరు పెట్టమన్నారు మేనేజరు. ఏడుస్తూనే పెట్టాను. ఇంత విద్య పంచి వెళ్లిన ఆ మహానుభావుడికి చేతులెత్తి మొక్కుతున్నాను. బికాష్ ఆగిపోతే నన్ను పిలుస్తాడు. నేను ఆగిపోతే ఎవరిని పిలవను సారూ?