తమ్ముడి చెవులు

మొన్న వనపర్తిలో మా ఇంట్లో కుక్కర్ పాడై, చాలా రోజుల తర్వాత గిన్నెలో అన్నం వార్చాను. గంజి వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి నాకు మగ్గం గుర్తొచ్చింది. గద్వాలలో మా చిన్నప్పుడు గంజి మనుషుల కంటే ముందు నూలుకే పోయేది. పొద్దున్నే అవ్వ, అంటే మా నాయన తల్లి, కుండనిండా కాచేది, నాయన దాన్ని వీధిలో బారుగా కట్టిన పోగులకు పట్టించేవాడు, మేం పిల్లలం వాటి కిందనుంచి దూరి తిట్లు తినేవాళ్లం. ఎండాకాలమైతే చేతుల్లో రసం కారే కొల్లాపూర్ మామిడిపండ్లుండేవి కాబట్టి తిట్లు రెండింతలు.

ఇంట్లో సగం మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు పెట్టుకుని అమ్మ నేసేది, ఆమె వంటకు లేస్తే నాయన కూర్చునేవాడు, కాబట్టి పగలంతా ఆ టకటక ఆగేదే కాదు. పక్కనే దూలానికి కట్టిన తొట్టెలలో తొమ్మిది నెలల తమ్ముడు. వాణ్ని ఊపడం అప్పటికి ఎనిమిదేళ్లున్న నా ఉద్యోగం.

ఆ ఏడు పీర్ల పండగ మధ్యాహ్నం, పక్కింటి హజీరమ్మ పంపిన మలీద ముద్దలు బుగ్గన పెట్టుకుని నేను గడపలో నిలబడ్డాను. డప్పులు మా గుమ్మం ముందే మోగాయి. చీర మర్నాటికి దించాలని అమ్మ మగ్గం దిగలేదు. అవ్వ తొట్టెలలోకి తొంగిచూసింది. తమ్ముడు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

"ఏందే, గింత డప్పు కొట్టినా పిలగాడు కదుల్తలేడు? వీనికి ఇనబడ్తదా లేదా?" అంది అవ్వ.

"గట్లనకు అత్తా," అంది అమ్మ.

నాకు మాత్రం, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, భయం కంటే కుతూహలమే ఎక్కువ. ఇత్తడి పళ్లెం కొట్టాను, గజ్జెలు ఊపాను, డబ్బాలో రాళ్లు వేసి గలగలలాడించాను, చెవి దగ్గర పీక కూడా ఊదాను. నిద్రలో కదలడు. మెలకువగా ఉన్నప్పుడు వెనకనుంచి చప్పట్లు కొడితే తిరగడు, మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెనే చూస్తుంటాడు. రాత్రిళ్లు మాత్రం ఒకటే ఏడుపు, దానికి అవ్వ దిష్టి తీసేది. చెవులు వినబడనివాళ్ల కలల్లో మాటలుంటాయా అని అమ్మనే అడిగాను. వీపు మీద ఒక్కటి పడింది. అమ్మ నన్ను కొట్టడం అదే మొదలు.

వారం గడిచింది. వాణ్ని కర్నూలు దవాఖానకు తీసుకుపోవాలని తేల్చుకుని, నాయన బస్సు వేళలు కనుక్కోవడానికి బస్టాండుకు వెళ్లాడు. అమ్మ నేస్తోంది, నేను ఊపుతున్నాను, అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. ఉన్నట్టుండి మగ్గం ఆగింది. తమ్ముడు ఉలిక్కిపడి, రెండు చేతులూ గాలిలోకి ఎగరేసి, గుక్కపట్టి ఏడ్చాడు.

నేను ఊపడం ఆపలేదు, ఎవరూ వాణ్ని ముట్టుకోలేదు. అవ్వ చేట వదిలేసి లేచింది.

"వెయ్యే, మళ్ల వెయ్యి!"

అమ్మ నేసింది. కాసేపటికే వాడు సద్దుమణిగాడు. ఆపింది, మళ్లీ ఏడుపు. నమ్మకం కుదరక మూడుసార్లు చూశాం. పాపం, వాణ్ని ఏడిపించి మేం ముగ్గురం నవ్వాం. డప్పులనూ పళ్లేలనూ వాడు లెక్కచేయలేదు గానీ, పుట్టకముందు నుంచీ వింటున్న మగ్గం చప్పుడు ఆగితే మాత్రం వెంటనే తెలిసిపోయింది. రాత్రి ఏడుపులకు కారణం దిష్టి కాదని కూడా అప్పుడే అర్థమైంది. నాయనకు చెప్పడానికి చెప్పుల్లేకుండా బస్టాండుదాకా పరుగెత్తాను. అంత సంతోషం మళ్లీ ఎన్నిసార్లు కలిగిందో వేళ్ల మీద చెప్పగలను.

ఇప్పుడు ఆ గుంటను పూడ్చి సిమెంటు చేశారు. పోగులు కట్టిన వీధిలో ఆటోలు ఆగుతున్నాయి, తొట్టెల వేయడానికి ఇళ్లలో దూలాలే లేవు. అవ్వ లేదు, నాయన లేడు. తమ్ముడు మానవపాడులో పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు, అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. పోయిన ఆదివారం వెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఇన్నేళ్లూ అడగాలని తోచని మాట అడిగాను. ఆ రోజు మగ్గం ఎందుకు ఆగింది, పోగు తెగిందా అని.

అమ్మ తలెత్తలేదు.

"పోగేడ తెగింది బిడ్డా? కండ్లల్ల నీళ్లు నిండి నాడె కనబడలే. జర సేపు ఏడుద్దామని ఆపిన. వాడు ఏడ్వనిచ్చిండా!"