బిల్లు లేని గడియారం

సరిగ్గా పది గంటలకు, కోడుమూరు నుంచి కర్నూలు పోయే పల్లెవెలుగు బస్సులో, విశ్వాసమ్మ కాళ్ల దగ్గరున్న గోనెసంచి పాట పాడింది. మొదట పిట్టలు కూశాయి. తర్వాత సన్నటి గంటల మీద క్రిస్మస్ పాట ఒకటి, ఒక్క చరణం కూడా వదలకుండా, పూర్తిగా వచ్చింది. ఆ తర్వాత పది గంటలు కొట్టింది.

దసరా సెలవుల్లో క్రిస్మస్ పాట ఏమిటని ఎవరూ అడగలేదు. పక్క సీటులోని ఉల్లిగడ్డల రైతు తన ఫోను తీసి చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. వెనక సీటులోని ముసలామె కళ్లు మూసుకునే "స్తోత్రం" అంది. కండక్టరు వచ్చి సంచి వైపు కాసేపు చూశాడు.

"కోడిపుంజయితే టికెట్ కొట్టొచ్చు. ఇదేందమ్మా?"

"గడియారమప్పా."

"ఆపు దాన్ని."

"ఆపితే ఆగదు. అంతా పాడినంకనే ఆగుతుంది."

"దాంట్లో సెల్లు తీసేయకపోయినావా?"

"అంగడాయనకు నడుస్తాండేది చూపించాల గదా," అంది విశ్వాసమ్మ. ఆమెకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు. కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది.

విశ్వాసమ్మ కోడుమూరు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. బడి ఉన్న రోజుల్లో పొగ, సెలవుల్లో కూలి. ఆమె పెనిమిటి లేవి ఒకప్పుడు చేను చేసేవాడు. వాన మీద నమ్మకం పోయి, బోరు మీద నమ్మకం పోయి, చివరికి కర్నూలు రోడ్డులో ఉల్లిగడ్డల గోదాముకు రాత్రి కాపలాదారయ్యాడు. ఆయన తెల్లవారాక ఇంటికొచ్చి, ముద్ద తిని, ముందు గదిలో నాపరాళ్ల మీద చాప పరుచుకుని పడుకుంటాడు. ఊరంతా మేలుకుని ఉన్నప్పుడే ఆయనకు రాత్రి.

ఆ ఇల్లు వాళ్లు ఏళ్ల తరబడి కట్టారు. పునాది దగ్గర కొన్నాళ్లు, గోడల దగ్గర కొన్నాళ్లు ఆగి, ఎట్టకేలకు మొన్నటి వేసవిలో కప్పు కింద గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టించుకున్నారు. గృహప్రతిష్ఠకు మంచం తెచ్చేవాళ్లు ఉండరు, ఫ్యాను తెచ్చేవాళ్లూ ఉండరు. అందరూ గోడకు తగిలించేవే తెస్తారు. బైబిలు వాక్యపు పటాలొచ్చాయి, గొర్రెపిల్లల పటాలొచ్చాయి. అందరికీ ఒకటే వాక్యం మీద మనసు పోయింది కాబట్టి అది ప్రతి గోడ మీదా ఉంది, వంటింట్లో రెండుసార్లు ఉంది. కట్టుకున్న గోడల కంటే తగిలించాల్సినవే ఎక్కువయ్యాయి. ఏదీ అటక మీద పెట్టడానికి లేదు. ఇచ్చినవాళ్లు ఎప్పుడో ఒకసారి వస్తారు. రాగానే మంచినీళ్లు అడక్క ముందే తమది యాడ ఉందా అని గోడలు చూస్తారు.

వాటన్నిటిలోకీ పెద్దది దావీదురాజు ఇచ్చిన గడియారం. దావీదురాజు లేవికి పెదనాన్న కొడుకు, సంఘపెద్ద, రెండిళ్ల అవతల ఉంటాడు. మంచి మనిషి. కప్పు వేసిన రోజు ఎండలో నిలబడి, తన ఇంటి పనిలాగా కూలీల మీద అరిచి చేయించాడు. ఆ గడియారానికి అద్దాల పెట్టె, ఊగే లోలకం, గంట గంటకూ పాట ఉన్నాయి. అద్దం కింద బంగారు రంగు అక్షరాల్లో 'ప్రేమతో, దావీదురాజు, సంఘపెద్ద, కోడుమూరు' అని రాయించాడు. ఆ వైపు ఊళ్లల్లో ఇచ్చినవాళ్ల పేరు లేని బహుమతిని బహుమతిగా లెక్కేయరు. దావీదురాజు ఎవరింటి ప్రతిష్ఠకైనా అదే గడియారం, అదే పేరుతో ఇస్తాడు.

వేరే ఇళ్లల్లో అది గంట గంటకూ పాడితే ముచ్చటే. ఈ ఇంట్లో అది లేవి తల మీద పాడేది. కునుకు పట్టే వేళకు పిట్టలు కూసేవి. మళ్లీ పట్టే వేళకు మళ్లీ కూసేవి. లేవి ఎవర్నీ ఏమీ అనేవాడు కాదు. అన్నం కలిపిన చేయి కంచంలోనే ఉండగా కూర్చున్నచోటే తూగేవాడు. గోదాము యజమాని ఒకరోజు ఆయన్ని గోనెల మీద నిద్రపోతుండగా చూశాడు. ఇంకో రోజు మళ్లీ చూశాడు. "ఇంగోసారి కండ్లబడితే వేరే మనిషిని చూసుకుంటా," అన్నాడు. పొట్ట చేతబట్టుకుని పట్టుకున్న పని అది.

విశ్వాసమ్మ చేతనైనవన్నీ చేసింది. సెల్లు తీసేస్తే, పాట వినబడలేదని దావీదురాజు కొత్త సెల్లు తెచ్చి తనే వేసి వెళ్లాడు. దుప్పటి కప్పితే పాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. వంటింట్లోకి మారిస్తే, "పొగలో పెడితే లోపల మిషను పాడైపోదా ఏమ్మా," అని ఆయనే మోసుకొచ్చి పాత మేకుకే తగిలించాడు. "నా గడియారం పాడితే వీధికంతా సువార్తే," అని లేవిని తట్టి లేపి మరీ చెప్పాడు.

"అంగడికే వాపసు ఇచ్చొస్తా," అంది విశ్వాసమ్మ ఆ సాయంత్రం.

"ఇచ్చినంక అది మనదే గదా. మనది మనం ఏం జేసుకుంటే ఏం తప్పు?" అన్నాడు లేవి, నిద్రకు కళ్లు నిలవక.

"మనదైతే ఆయనొచ్చి ఏంటికి చూస్తాడు?"

లేవి దానికి జవాబు వెతుకుతూనే నిద్రపోయాడు.

అట్టపెట్టె అడుగున అంగడి చీటీ అంటించి ఉండటంతో అది కర్నూలులో ఎక్కడ కొన్నదో తెలిసింది. గిఫ్టు సామాన్ల అంగడి, పాత బస్టాండు దగ్గర. అంగడాయన పేరు ఉమామహేశ్వర. ఆయన గడియారం చూశాడు, ఆమెను చూశాడు, చేయి చాపాడు.

"బిల్లు?"

"లేదప్పా. ఇది మాకు ఇచ్చినది."

"ఇచ్చినాయన్ను అడిగి తీసుకురాపో."

"ఆయన్ను అడిగే ధైర్యముంటే ఇంత దూరం ఏంటికొస్తా?"

"సరే, ఏం చెడిపోయింది?"

"ఏం చెడిపోలే. శానా బాగ నడుస్తాండాది. అదే మా బాధ."

ఉమామహేశ్వర అంగడిలోకి చెడిపోయినవి తెచ్చేవాళ్లు వస్తారు, చెడగొట్టి తెచ్చేవాళ్లూ వస్తారు. బాగుందని ఫిర్యాదు చేసేవాళ్లు రావడం ఇదే మొదలు. స్టూలు లాగి కూర్చోమన్నాడు. ఆమె కూర్చుని లేవి సంగతి చెప్పింది. నిద్ర గురించి చెబుతుంటే ఆమెకే రెండుసార్లు ఆవులింత వచ్చింది.

"చూడక్కా," అన్నాడాయన గొంతు తగ్గించి. "చెడిపోయిందని ఒక్క మాట చెప్పు. కంపెనీకి పంపిస్తా, వాళ్లు వేరేది ఇస్తారు. నీకు కష్టం లేదు, నాకు నష్టం లేదు."

విశ్వాసమ్మ నోరు తెరిచింది. అంతలో పిట్టలు కూశాయి. పాట మొత్తం అయ్యేదాకా, గంటలన్నీ కొట్టేదాకా ఇద్దరూ మర్యాదగా ఊరుకున్నారు.

"నేను చెప్పినా అది ఒప్పుకునేట్ల లేదప్పా," అంది.

ఉమామహేశ్వరకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గడియారాన్ని తనవైపు తిప్పుకుని కింది అక్షరాలు చదివాడు. "ఓ, దావీదురాజు సారుదా. ముందే చెప్పగూడదా. వచ్చే నెలలో ఆయన ఇంగో ఇంటికి గడియారం తీసుకుంటా అన్నాడు. ఆయనకు ఇదే కావాల, దీని మీద ఈ పేరే కావాల. మళ్లీ రాసే పని కూడా లేదు. ఇదే తుడిచి ఇస్తా. నువ్వు నీకు కావాల్సింది తీసుకో."

విశ్వాసమ్మ కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది కాబట్టి నవ్వు కొంచెం ఎక్కువసేపే ఉంది. ఆ తర్వాత తగ్గింది.

నెలనెలా మొదటి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల ఆరాధన జరుగుతుంది, అందులో రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల్లోకి వచ్చేది దావీదురాజే. ఆయన చేతిలోని పళ్లెంలోంచి, మనసులో మోసం లేకుండా రొట్టె తీసుకోవాలి. ఆయన గడియారాన్ని ఆయనకే మళ్లీ అమ్మించి, ఆ చేతి నుంచి తీసుకోవడమెట్లా? తీసుకోకపోతే, విశ్వాసమ్మ బల్ల ఎందుకు వదిలిందని సంఘమంతా అడుగుతుంది. పైగా ఆ ఇంకో ఇంట్లో ఎవరు ఏ వేళ పడుకుంటారో.

"వద్దప్పా. ఆయనకు మాత్రం అమ్మొద్దు."

"ఇంగెవరికి అమ్మాల? ఆయన పేరు పెట్టుకుని ఎవరింట్లో తగిలించుకుంటారు? పేరు గీకితే అద్దం మీద గీతలు పడతాయి. గీతల సరుకుకు ధర రాదక్కా."

"గీకు. వచ్చినంతకే ఇంగేదన్నా ఇయ్యి."

"నేను గీకను. పెద్దమనిషి పేరు."

"బ్లేడు ఇటియ్యి. నేనే గీకుతా."

వండీ తోమీ గరుకెక్కిన చేతులవి. 'సంఘపెద్ద' తొందరగానే ఊడింది. 'ప్రేమతో' దగ్గర బ్లేడు రెండుసార్లు జారింది. మెడ నొప్పెట్టేదాకా గీకి, కొంగుతో తుడిచింది. అద్దం మీద కోడి గీరినట్టు తెల్లటి మరక మిగిలింది.

"ఆయనడిగితే ఏం చెప్తావు?" అన్నాడు ఉమామహేశ్వర.

"ఇచ్చేసినా అని చెప్తా."

"ఊరుకుంటాడా?"

"ఊరుకోడు," అంది విశ్వాసమ్మ.

గీతలు పడిన గడియారానికి బదులు ఆయన ఒక టీ ఫ్లాస్కు ఇచ్చాడు. "దీనికి పాట లేదు, కావాలంటే మూత తీసి చూసుకో," అన్నాడు. రాత్రి కాపలాకు పనికొస్తుందని ఆమె దాన్ని సంచిలో పెట్టుకుంది. తిరుగు బస్సులో సంచి ఏమీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చేసరికి, పగటి మనిషి రాక మధ్యాహ్నం దాకా గోదాములోనే ఉండిపోయిన లేవి కొట్టంలోంచి తెచ్చిన కట్టెలు పొయ్యి దగ్గర పేర్చి, అప్పుడే చాప మీద ఒరిగాడు. ఖాళీ మేకు వైపు ఒకసారి చూశాడు, ఆమె వైపు ఒకసారి చూశాడు. పక్కకు తిరిగి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి నోరు తెరుచుకుంది, గురక మొదలైంది. పూర్తిగా నిద్రపోయిన మనిషి గురక అది. విశ్వాసమ్మ గోడకు చేరగిలబడి దాన్ని విన్నది. మొహం కడుక్కుని, దావీదురాజు ఇంటికి పోయి తనే చెప్పి రావాలనుకుంది. లేవాలనుకుంది గాని, ఆ గురక ఇంకొంచెంసేపు వింటూ కూర్చుంది.

మూడయింది. ఏ పిట్టా కూయలేదు. మూడు దాటి కొంచెంసేపయ్యాక వీధిలో చెప్పుల చప్పుడైంది. పొద్దున్నుంచీ చేనికాడ ఉండి అప్పుడే ఇంటికొచ్చిన దావీదురాజు, చొక్కా జేబులో కొత్త సెల్లు వేసుకుని, తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఆరాధనలో మైకు లేకుండానే గుడంతటికీ వినబడే గొంతు ఆయనది.

"ఏమ్మా విశ్వాసమ్మా, మూడు కొట్టలేదే అని వచ్చినా. మేకు ఒక్కటే ఉండాది, గడియారం యాడ? అంత ప్రేమతో ఇచ్చినానే, ఏం చేసినావు దాన్ని?"

చాప మీద లేవి కదిలాడు, మళ్లీ సర్దుకున్నాడు. విశ్వాసమ్మ లేచి నిలబడి, కొంగు సర్దుకుని, పెనిమిటికీ దావీదురాజుకూ మధ్యకు వచ్చింది.

"అంగడిలో తిరిగిచ్చేసి వచ్చినా బావా, నీ తమ్ముడు ఇప్పుడే నిద్రపోయినాడు, ఎంత తిట్టేదున్నా మెల్లగ తిట్టు."