సూది కదలని చెట్టు

మొన్న, ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవరాలు గోరంత చిప్పునొకదాన్ని బోర్డు మీద గుచ్చి, సెన్సారు నుంచి వచ్చే అటూ ఇటూ ఊగే సన్నని సిగ్నల్‌ని ఒకవైపే నడిచేలా మలుస్తూ, "ఉట్టి డయోడ్ పెడితే చిన్న సిగ్నల్‌ని మింగేస్తుంది అమ్మమ్మా, అందుకే దాన్ని సిగ్నల్‌ని పెంచే ఈ ఆప్-యాంప్ చిప్పుతో కలిపి పెట్టాలి, ఉన్నది ఒకే బ్యాటరీ కాబట్టి సున్నాని కాస్త పైకెత్తాలి" అని ఉత్సాహంగా చెబుతుంటే, వినలేక లేచి వరండాలోకి వెళ్లిపోయాను. ఆ మింగేయడం ఏమిటో నాకు ఏ పుస్తకమూ చెప్పకుండానే తెలిసింది. తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

అరవైల నడుమ మాట. నూజివీడులో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. ట్రాన్సిస్టర్లు అప్పుడప్పుడే మన ఊళ్లలోకి వస్తున్న రోజులు. రేడియోలు విప్పి చూడటమంటే నాకు పిచ్చి, ఆడపిల్లకి ఇదేం సరదా అని అమ్మ గొణుగుతూనే ఉండేది. అక్కని విస్సన్నపేట దగ్గర మామిడి తోటలున్న ఇంట ఇచ్చారు. ఆ ఏడు బావగారి తోటలో కాండం తొలిచే పురుగు పడి, పచ్చని చెట్లు నిలువునా ఎండిపోతుంటే ఆయనకి అన్నం సహించేది కాదు. లోపల పురుగు కొరికే చప్పుడు మనకి వినిపిస్తే ముందే తెలిసేదని ఆయన అన్న మాట పట్టుకుని, పాత గ్రామఫోనులో రికార్డు మీద ఆనే పికప్ ముల్లుని మానుకు ఆనించి, ఆ చప్పుడుని రెండు ట్రాన్సిస్టర్లతో పెంచి, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను తగిలించాను. నిజంగానే కరకరమని వినిపించింది. ఆ రోజు బావగారు చిన్నపిల్లాడిలా నవ్వారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పదిమందీ చూసి మెచ్చుకోవాలని ఇయర్‌ఫోను తీసేసి సూది మీటరు పెట్టాను. అటూ ఇటూ ఊగే కరెంటుకి ఆ సూది కదలదు గనక మధ్యలో, కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి పెట్టాను. పురుగు బాగా పట్టిన చెట్ల దగ్గర సూది గంతులేసింది. తోటలో అందరికీ నా మిషను మీద గురి కుదిరింది.

అక్కడ కాయ కోసే పెద్దాయన ఒకాయన ఉండేవారు. వరస ఏమీ లేకపోయినా బాబాయి అనేదాన్ని. ఆ వేసవి కోతల్లో ఆయన ఒక పెద్ద చెట్టు ఎక్కబోతూ ఆగి, "అమ్మాయిగారూ, చెట్టు మొదట్లో రంపం పొట్టులా రాల్తా ఉందండి. పై కొమ్మ డొల్లయిపోయిందేమోనని అనుమానంగా ఉంది" అన్నారు. బావగారు నా వైపు చూశారు. నేను పికప్ ఆనించాను. సూది కదల్లేదు.

"ఏం లేదు బాబాయ్, ఎక్కొచ్చు" అన్నాను.

ఆయన మానుని అరచేత్తో ఇంకోసారి తట్టి చూసి, "మీరు చెప్పాక ఇంకేంటండీ" అంటూ తలగుడ్డ బిగించి ఎక్కారు.

కొమ్మ విరిగిన చప్పుడు తోటంతా వినిపించింది. బండి మీద ఆస్పత్రికి చేర్చేలోపే ఆయన పోయారు.

దినాలయ్యాక ఒక్కదాన్నే ఆ చెట్టు దగ్గరికి వెళ్లి, మీటరు తీసేసి ఇయర్‌ఫోను మళ్లీ తగిలించాను. లోపల ఆగి ఆగి, సన్నగా కొరుకుతున్నాయి. అంత చిన్న సిగ్నల్‌కి డయోడ్ దారి ఇవ్వదు, అందుకే సూదిదాకా ఏమీ రాలేదు. ఇయర్‌ఫోను ఉంచుకుని ఉంటే నాకు వినిపించేది.

చెప్పి ఏం లాభం, ఊరుకో అన్నారు బావగారు. ఊరుకోలేక బాబాయి ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని పిన్ని కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. పిన్ని నన్ను భుజం పట్టి లేపి, "చెట్టు సంగతి ఆయనకి తెలుసండి అమ్మాయిగారూ. చదువుకున్న మీ మాట కాదంటే బాగోదని ఎక్కాడు" అంది. తిట్టి ఉంటే భరించగలిగేదాన్నేమో.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మామిడి చెట్టంటే మెడ నొప్పెట్టేలా తలెత్తి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు విస్సన్నపేట దారిలో కొత్త తోటలన్నీ పొట్టి చెట్లే. కొమ్మలు కత్తిరించి దగ్గర దగ్గరగా పెంచుతున్నారు, ఆడవాళ్లు నేల మీద నిలబడే కాయలు కోసి ట్రేలలో సర్దుతున్నారు. బస్సు కిటికీలోంచి అది చూస్తూ పక్కవాళ్లు ఆ రోజులే వేరని నిట్టూరుస్తుంటే నేను తల ఊపలేను. ఈ పొట్టి చెట్లు అప్పుడే వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను.