గేటు తీసిన వార్డెనమ్మ

మా వార్డెనమ్మ గారు పోయిన మంగళవారం కన్నుమూశారు. ఫోనులో ఆ కబురు చెప్పింది హోములో ఏడేళ్ళు నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తరవాత అది ముక్కు చీదుకుని "యారాడ గుర్తుందేటే?" అంది. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. చావు కబురు మధ్య ఎందుకలా నవ్వామో మీకు చెప్పాలి.

చిన్నప్పుడే పోలియో వచ్చి నా కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. డెబ్బయ్యో దశకం చివర్లో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, మా నాన్న నన్ను మద్దిలపాలెంలోని వికలాంగుల హోముకి తీసుకొచ్చాడు. రిక్షాలోంచి నన్ను ఎత్తబోతుంటే గేటు దగ్గర నిలబడ్డ ఆవిడ "ఆగండి బాబూ" అన్నారు. నా వైపు తిరిగి "ఎత్తమంటావా అమ్మా, నువ్వే దిగుతావా?" అని అడిగారు.

నన్నెవరూ అంతవరకూ ఆ మాట అడగలేదు. "నానే దిగుతాను" అన్నాను. దిగేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ ఆవిడ ఎండలో నా మీద గొడుగు పట్టుకుని, నాన్నతో మా ఊరి చెరకు పంట గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

హోములో గదులకి తలుపుల్లేవు, పరదాలే. ఆ పరదా బయట నిలబడి "రావొచ్చా?" అని అడగందే ఆవిడ ఏ గదిలోనూ అడుగు పెట్టేవారు కాదు. అంతటి మనిషీ అష్టాచెమ్మాలో మాత్రం నిస్సిగ్గుగా దొంగాట ఆడేవారు. పట్టుకునేది ఎవరనుకున్నారు? కళ్ళు లేని మా కుర్చీలల్లే మేస్త్రీ! గవ్వలు పడ్డ చప్పుడు విని "గవ్వ తిప్పీసేరమ్మా మీరు!" అనేవాడు. "నీ సెవులు పాడుగాను" అని ఆవిడ నవ్వుతూ గవ్వని మళ్ళీ బోర్లించేవారు.

ఒకరోజు ఆ మేస్త్రీయే అడిగాడు. "అమ్మా, పన్నెండేళ్ళై ఈ ఊర్లో ఉన్నాను. సముద్రం ఎలాగుంటాదమ్మా?"

ఇంటివాళ్ళ సంతకం లేనిదే మమ్మల్ని గేటు దాటించకూడదని రూలు. ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఏటా రెన్యూ అయితేనే హోము నడుస్తుంది. అది పోతే మేం పద్ధెనిమిది మందిమీ ఎవరింటి మూలగదికి వాళ్ళం పోవలసిందే. మేస్త్రీకైతే ఆ మూలగది కూడా లేదు.

ఆ శనివారం పొద్దున్నే చేపల లారీ వచ్చి గుమ్మంలో ఆగింది. మా వంటామెది కొండ అవతల సముద్రపొడ్డు పల్లె యారాడ, వాళ్ళ అన్నదే లారీ. "ఇక్కడే బీచి ఉంది కదండీ" అన్నాన్నేను. "అక్కడ జనం మనల్ని సూత్తారు. మనం సముద్రాన్ని సూడాల కదా" అన్నారు ఆవిడ.

యారాడలో లారీ ఇసక దగ్గర ఆగిపోయింది. వంటామె బంధువులు నులక మంచాలు తెచ్చి, "మోసుకెళ్ళమంటారేటమ్మా?" అని మమ్మల్నే అడిగారు. మంచాల మీద ఊరేగుతూ నీళ్ళ దాకా వెళ్ళాం. మంచం పట్టుకుని నడిచొచ్చిన మేస్త్రీ మొదటి అల తాకగానే "ఓలమ్మా, లాగుతంది! నా కాళ్ళకింద ఇసక లాగేత్తంది!" అని కేక పెట్టాడు. ఆ తరవాత ఆయన్ని ఒడ్డుకి తేవడం ఎవరి తరమూ కాలేదు.

సరిగ్గా ఆ రోజే తనిఖీకి కొత్త ఆఫీసరు హోముకి వచ్చాడు. కాపలా తాత ఒక్కడే ఉన్నాడు. "అందరేరీ?" అంటే "అందరూ సముద్రంలో ఉన్నారు బాబూ" అన్నాడట. పాపం, ఆఫీసరు అక్కడే కూలబడ్డాడట.

వారంలో సంజాయిషీ ఇవ్వకపోతే లైసెన్సు రద్దని నోటీసు వచ్చింది. తప్పయిపోయిందని రాసెయ్యమని హోము కమిటీవాళ్ళు పట్టుబట్టారు. ఆవిడ ఆ కాగితం మా అందరి మధ్యా పెట్టి చదివారు. "ఇది మీ గురించి. మిమ్మల్ని అడక్కుండా నానేటి రాత్తాను?"

మేమే వెళ్ళి చెప్తామన్నాం. ఆరుగురం ఆవిడతో రిక్షాల్లో ఆఫీసరు దగ్గరికి బయల్దేరాం. ఆఫీసు మేడమీద. పైకి రమ్మని ప్యూను చెప్తే, "మావాళ్ళు ఎక్కలేరు. ఆఫీసరుగారు దిగగలరు కదా" అన్నారు ఆవిడ.

ఆయన దిగాడు, మొహం ఎర్రగా చేసుకుని. "జరగరానిది జరిగితే ఎవరిదండీ బాధ్యత?"

"నాదే బాబూ, రాసిత్తాను. జరగవలసింది ఎప్పటికీ జరక్కపోతే అది ఎవరి బాధ్యతండీ?"

ఆయన నా వైపు తిరిగాడు. "నిజం చెప్పమ్మా. బలవంతంగా తీసుకెళ్ళారా?"

"లేదండి. బలవంతంగా వెనక్కి తీసుకొచ్చారు."

ముందు ప్యూను నవ్వాడు. తరవాత ఆఫీసరూ నవ్వకుండా ఉండలేకపోయాడు. లైసెన్సు వచ్చింది. అందులో కొత్తగా ఒక వాక్యం: తగిన సిబ్బంది తోడుంటే, హోములోని వారు తమ ఇష్టప్రకారం బయటకు వెళ్ళవచ్చును. ఆవిడ ఆ "తమ ఇష్టప్రకారం" దగ్గర వేలు పెట్టి నాచేత మూడుసార్లు చదివించారు.

ఆ వాక్యం పుణ్యమా అని టైపు నేర్చుకోడానికి వెళ్ళాను. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో ఒక కంట్రాక్టరు ఆఫీసులో టెలిఫోను ఆపరేటరునయ్యాను. జాయినైన రోజు మొదటి ఫోను ఆవిడే చేశారు. "ఏటి సేత్తన్నావ్?" అంటే "పనిలో ఉన్నానండి" అన్నాను. "మరైతే పెట్టేయ్" అని ఆవిడే పెట్టేశారు.

నాకు మాత్రం ఆవిడ తలపుకొస్తే లైసెన్సు వచ్చిన ఏడాది చలికాలం మేం రెండోసారి యారాడ వెళ్ళిన రోజే కనిపిస్తుంది. మా లారీ వెనకాలే ఒక జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు దిగి, పక్షవాతంతో మంచాన పడ్డ తన తల్లిని కుర్చీతో సహా దింపించాడు. నాలుగేళ్ళుగా ఆ తల్లి గడప దాటలేదట. వార్డెనమ్మ ఆమెను అడిగి, ఇసకలోకి దింపి, వెనక నుంచి రెండు చేతులతో పొదివి పట్టుకుని తానూ చతికిలబడ్డారు. అల వచ్చి ఇద్దరినీ నడుం దాకా ముంచేసింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కెవ్వుమన్నారు. ఆఫీసరు చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు తడిసిపోతున్నా కదలకుండా నిలబడి చూస్తున్నాడు. అవతల ఇంకో అల లేస్తోంది. ముసలామె బాగున్న చేత్తో దాన్ని రమ్మని పిలుస్తోంది.